శాంతిపురం విత్తుకు సముద్రపు కొలత: కంప్యూటర్ మోడళ్ల దోషాలను పరిశీలనలతో సరిదిద్దే విధానం

చిత్తూరు జిల్లా శాంతిపురం మండలానికి సముద్రతీరం లేదు. తూర్పున బంగాళాఖాతం సుమారు 200 కిలోమీటర్ల దూరంలోను, పడమర అరేబియా సముద్రం దాదాపు 400 కిలోమీటర్ల దూరంలోను ఉన్నాయి. కర్ణాటకలో పుట్టిన పాలారు ఈ ప్రాంతం మీదుగా తమిళనాడులోకి సాగుతుంది గాని, ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఇసుక దారే. అయినప్పటికీ ఇక్కడి మెట్ట రైతు తీసుకునే ముఖ్య నిర్ణయాలన్నీ ఆ రెండు సముద్రాల స్థితిపైనే ఆధారపడి ఉన్నాయి. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి, అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు ఈ ప్రాంతానికి వర్షాన్నిస్తాయి. కోస్తా ఉత్తర భాగంతోను, తెలంగాణతోను పోల్చినపుడు ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వాటా ఎంతో ఎక్కువ. జిల్లా మొత్తం మీద అది నైరుతి వాటాకు దాదాపు సరితూగుతుంది.

స్థానికంగా చెనిక్కాయ అని పిలిచే వేరుశనగను ఉదాహరణగా తీసుకొనవచ్చు. జూన్ చివర కురిసిన వానను నమ్మి విత్తిన పైరుకు జూలైలో బెట్ట తగిలితే మళ్ళీ విత్తవలసి వస్తుంది. సాగు ఖర్చులో విత్తనానిదే పెద్ద పద్దు కనుక రెండవ విత్తు చిన్న రైతుకు అప్పుతో సమానం. వాన కోసం ఎదురుచూసి ఆలస్యంగా విత్తితే పంట కోత అక్టోబరు చివరకు, నవంబరుకు జరుగుతుంది. అప్పుడు ఈశాన్య రుతుపవనాలు బలంగా ఉంటే, నిద్రావస్థ లేని గుత్తి రకాల కాయలు నేలలోనే మొలకెత్తుతాయి, పీకి పరచిన చెట్టు కుళ్ళిపోతుంది. ఈ రెండు నష్టాల మధ్య ఇరుకైన దారి చూపగలది రుతుకాలపు వర్ష సూచన. ఆ సూచన పుట్టేది ఆకాశంలో కాదు, సముద్రంలో. మరింత కచ్చితంగా చెప్పవలెనంటే, సముద్రపు కంప్యూటర్ మోడల్‌ను కొలతలతో సరిదిద్దే చోట.

మోడల్ ఎందుకు దారి తప్పుతుంది

వాతావరణానికి జ్ఞాపకం తక్కువ. నేటి గాలి స్థితి నుండి రేపటిని, ఎల్లుండిని చెప్పవచ్చు. రెండు వారాలు దాటేసరికి ఆరంభంలోని చిన్న దోషమే పెరిగి అంచనాను మింగివేస్తుంది. సముద్రానికి జ్ఞాపకం ఎక్కువ. ఏప్రిల్‌లో నీటి అడుగున 100 మీటర్ల లోతులో దాగిన వేడి జూలై, ఆగస్టు నెలల గాలుల మీద ప్రభావం చూపగలదు. పసిఫిక్‌లోని ఎల్ నినో, హిందూ మహాసముద్రపు తూర్పు పడమరల మధ్య ఉష్ణోగ్రత తూకం మారే డైపోల్, ఈ రెండూ అటువంటి నిదానపు మార్పులే. డైపోల్‌ను శాస్త్రలోకం ప్రత్యేక స్థితిగా గుర్తించినది 1999లో మాత్రమే. మొత్తం మీద రుతుకాలపు సూచన చేసే మోడల్‌లో గాలి భాగంతో పాటు సముద్ర భాగం కూడా ఉండవలెను. ఆ సముద్రం నేడు ఎలా ఉన్నదో మోడల్‌కు ముందుగా తెలియవలెను.

సముద్ర మోడల్ అనగా సముద్రాన్ని గడులుగా, పొరలుగా విభజించి, ప్రతి గడిలో నీటి చలనం, ఉష్ణోగ్రత, లవణీయత ఎలా మారుతాయో భౌతికశాస్త్ర సమీకరణాలతో గణించే వ్యవస్థ. పైనుండి గాలి, ఎండ, వాన, పక్కనుండి నదుల నీరు దానికి అందించవలసిన ముడిసరుకు. ఇందులో ప్రతిదానిలోను దోషానికి తావున్నది. అందించిన గాలి వేగం కొంత తప్పయి ఉండవచ్చు. గడి కంటే చిన్నవైన సుడులను, నీటి కలయికను మోడల్ నేరుగా చూడలేదు, ఉజ్జాయింపు సూత్రంతో సరిపెట్టుకొంటుంది. నది ఎంత నీరు తెచ్చిందో చాలా సందర్భాలలో దీర్ఘకాల సగటుతోనే నడుపుతారు. ఇటువంటి మోడల్‌ను సరిదిద్దకుండా కొన్ని నెలలు వదలివేసినచో, అది భౌతిక సూత్రాలను అతిక్రమించదు. కాని అది చూపే సముద్రం వాస్తవంలోని సముద్రం కాదు, దాని దూరపు బంధువు.

కొలిచేవారు, కొలిచేవి

ఈ సవరణ పనికి మన దేశంలో కేంద్రం హైదరాబాదులో ఉన్నది. 1999లో ఏర్పడి, నేడు భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ ఆధీనంలో ఉన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రాన్ని ఇన్‌కాయిస్ అనే పొట్టిపేరుతో పిలుస్తారు. తీరం లేని నగరంలో సముద్ర కేంద్రమేమిటని విద్యార్థులు అడగడం కద్దు. కొలతలు ఉపగ్రహాల ద్వారా వచ్చేటపుడు తీరంతో పనిలేదు.

ఆ కొలతలలో ముఖ్యమైనవి ఆర్గో ఫ్లోట్లు. మనిషి ఎత్తుకు దగ్గరగా ఉండే ఈ గొట్టపు పరికరం సముద్రంలో 1000 మీటర్ల లోతున ప్రవాహంతో పాటు కదులుతుంది. సుమారు పది రోజులకొకసారి 2000 మీటర్ల వరకు దిగి, అక్కడి నుండి పైకి వస్తూ దారి పొడవునా ఉష్ణోగ్రతను, లవణీయతను కొలిచి, ఉపరితలం చేరగానే ఉపగ్రహానికి పంపి, మళ్ళీ మునుగుతుంది. ప్రపంచ సముద్రాలలో ఇటువంటివి 3000 ఉండవలెనన్న తొలి లక్ష్యం 2007 నవంబరులో నెరవేరినది. భారతదేశపు భాగస్వామ్యాన్ని ఇన్‌కాయిస్ నిర్వహిస్తున్నది. హిందూ మహాసముద్రానికి ప్రాంతీయ దత్తాంశ కేంద్రం కూడా అదే. లంగరు వేసి ఒకేచోట నిలిపిన బాయ్‌లు మరొక ఆధారం. వీటిలో కొన్ని చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవి, కొన్ని 2004లో ఆరంభమైన రామా అనే అంతర్జాతీయ వరుసవి. ఇక ఉపగ్రహాలు సముద్రపు పై చర్మాన్ని మాత్రమే చూడగలవు. అయినా వాటిలో ఒక రకం చాలా తెలివైన పని చేస్తుంది. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుండి ప్రయోగించిన భారత, ఫ్రాన్స్ దేశాల సరళ్ ఉపగ్రహం సముద్రమట్టం ఎత్తును సెంటీమీటర్లలో కొలిచినది. వేడెక్కిన నీరు ఉబ్బుతుంది కనుక, మట్టం ఎత్తుగా ఉన్నచోట అడుగున వేడి నీటి మందం ఎక్కువగా ఉన్నదని ఊహించవచ్చు.

ఇన్ని ఉన్నప్పటికీ సముద్ర విస్తీర్ణంతో పోల్చితే కొలతలు పలుచనే. ఆర్గో రూపకల్పనలో మూడు డిగ్రీల అక్షాంశ, రేఖాంశాల గడికి ఒక ఫ్లోట్ అనునది ప్రమాణం. అంటే దక్షిణాంధ్ర జిల్లాలన్నిటికీ కలిపి ఒకే వర్షమాపకం, అదీ పది రోజులకొకసారి చదివేది, ఉన్నట్లు. ఆ ఒక్క అంకెతో మండలాలన్నింటి వర్షపాతాన్ని చెప్పవలసివస్తే ఎలా ఉంటుందో విస్తరణ శాస్త్రవేత్తలకు వివరించనక్కరలేదు.

ఎవరి మాట ఎంత వినవలెను

మోడల్ అంతటా చెబుతుంది గాని తప్పు చెప్పవచ్చు. కొలత సరిగా చెబుతుంది గాని అక్కడక్కడ మాత్రమే చెబుతుంది. ఈ రెంటినీ కలిపే ప్రక్రియను దత్తాంశ మేళవింపు అనవచ్చు. మోడల్ అంకెను తీసివేసి కొలతను ఆ స్థానంలో ఉంచడం దీని సారం అని చాలామంది భావిస్తారు. అది పొరపాటు. రెంటికీ దోషమున్నదని అంగీకరించి, ఎవరి దోషం ఎంతో లెక్కించి, ఆ నిష్పత్తిలో వినడమే అసలు విధానం.

ఒక చిన్న లెక్క చూడవచ్చు. ఒక గడిలో నీటి ఉష్ణోగ్రత 29.0 డిగ్రీలని మోడల్ చెప్పింది. దాని దోషపు క్రమ విచలనం 1.0 డిగ్రీ. అదేచోట కొలత 28.0 డిగ్రీలు, దాని క్రమ విచలనం 0.5 డిగ్రీ. విస్తృతులు వరుసగా 1.00, 0.25. కొలతకు ఇవ్వవలసిన బరువు 1.00ని 1.25తో భాగించగా వచ్చిన 0.8. మోడల్‌కు, కొలతకు మధ్య తేడా ఒక డిగ్రీ కనుక మోడల్ అంకెను 0.8 డిగ్రీ తగ్గించి 28.2గా సరిదిద్దుతారు. ఈ కొత్త అంకె దోషం 0.45 డిగ్రీ, మోడల్ కంటేనే కాదు, కొలత కంటే కూడా తక్కువ. కొలత నాసిరకమై దాని దోషం 2.0 డిగ్రీలని అనుకొంటే బరువు 0.2కు పడిపోతుంది, ఫలితం 28.8 అవుతుంది. నాసి కొలతను సైతం పూర్తిగా పారవేయనక్కరలేదు, దాని స్థాయికి తగినట్లు వింటే చాలు. 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రతిపాదించిన వడపోత పద్ధతికి మూలం ఈ లెక్కే.

కొలత లేని పొరుగు గడుల సంగతి ఏమిటి? ఇక్కడ సహవిస్తృతి అవసరమవుతుంది. ఒకచోట మోడల్ ఎక్కువ వేడి చూపితే దాని చుట్టూ, దాని అడుగున కూడా అదే దిశలో తప్పు చేస్తున్నదా అన్నది తెలిస్తే, ఒక్క కొలతతో పొరుగును కూడా సవరించవచ్చు. ఈ సంబంధాన్ని కనుగొనడానికి 1994లో గైర్ ఎవెన్‌సెన్ సూచించిన ఉపాయం సరళమైనది. ఒకే మోడల్‌ను కొద్దిపాటి తేడాలతో అనేక ప్రతులుగా నడిపి, ఆ ప్రతులు ఎక్కడ ఎంతగా విడిపోతున్నాయో చూడాలి. అవి విడిపోయిన చోట మోడల్‌కు నమ్మకం తక్కువ. రెండు చోట్ల కలిసి విడిపోతే ఆ రెంటికీ సంబంధమున్నది. ఇన్‌కాయిస్ హిందూ మహాసముద్రానికి నడుపుతున్న వ్యవస్థలో, సుమారు 9 కిలోమీటర్ల గడులు గల మోడల్‌ను 80 ప్రతులుగా నడిపి ఈ పద్ధతితో సరిదిద్దుతారు.

ఎనభై అనునది గణాంకశాస్త్ర రీత్యా పెద్ద సంఖ్య కాదు. పదేళ్ళ వర్షపాత పట్టిక తీసుకొని చూస్తే శాంతిపురానికి, ఎక్కడో దూరాన ఉన్న మరొక ఊరికి యాదృచ్ఛికంగా చక్కని సహసంబంధం కనిపించవచ్చు. అలాగే 80 ప్రతులలో బంగాళాఖాతపు గడికి, మడగాస్కర్ దగ్గరి గడికి అబద్ధపు బంధుత్వం కనిపిస్తుంది. దానిని తొలగించడానికి దూరం పెరిగేకొద్దీ బరువు తగ్గిస్తూ పోతారు. మరొక చిక్కు ఇంకా సూక్ష్మమైనది. ప్రతులన్నీ క్రమంగా ఒకే మాట చెప్పడం మొదలుపెడితే, మోడల్ తనకు దోషమే లేదని భ్రమించి కొలతల మాట వినడం మానివేస్తుంది. అప్పుడు ప్రతుల మధ్య తేడాను కృత్రిమంగా పెంచవలసి వస్తుంది. తమలో తామే ఏకాభిప్రాయానికి వచ్చి పొలం మాట వినడం మానిన సమావేశాలు విస్తరణ రంగానికి కొత్త కాదు.

బంగాళాఖాతం పెట్టే పరీక్ష

ఈ పద్ధతికి గట్టి పరీక్ష పెట్టే జలాలలో మన తూర్పు సముద్రం ఒకటి. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ నదులు తెచ్చే మంచినీటితోను, సముద్రం మీదనే కురిసే వానతోను బంగాళాఖాతపు పై పొర తేలికై ఒక మూతవలె నిలుస్తుంది. ఈ పలుచని తక్కువ ఉప్పు నీటికి, అడుగున చల్లని నీటికి నడుమ, వెచ్చగానే ఉండి ఉప్పదనం ఎక్కువైన మరొక పొర ఏర్పడుతుంది. దీనిని అవరోధ పొర అంటారు. మామూలుగా తుపాను గాలి సముద్రాన్ని చిలికినపుడు అడుగు చల్లదనం పైకి వచ్చి తుపానుకు అందే వేడి తగ్గుతుంది. అవరోధ పొర ఉన్నచోట ఎంత చిలికినా వచ్చేది వెచ్చని నీరే. వర్షాకాలం ముగిసిన తరువాత, అనగా సరిగ్గా ఈశాన్య రుతుపవనాల కాలంలో, ఈ పరిస్థితి బలంగా ఉంటుంది.

ఆర్గోకు ముందు లోతున ఉష్ణోగ్రత కొలతలు కొన్ని ఉండేవి గాని లవణీయత కొలతలు బహు స్వల్పం. అందువల్ల తొలితరం మేళవింపు వ్యవస్థలలో ఉష్ణోగ్రతను కొలతతో సరిదిద్ది, లవణీయతను దీర్ఘకాల సగటు సంబంధం నుండి ఊహించి పూరించేవారు. నదుల ప్రభావం లేని సముద్రంలో ఈ ఊహ చాలావరకు పనిచేస్తుంది. బంగాళాఖాతంలో మాత్రం లవణీయత ఆ ఏటి వరదతో మారుతుంది. సగటు సంవత్సరమంటూ లేదు. అసలు ప్రమాదం మరొకటి. నీటి సాంద్రత ఉష్ణోగ్రత, లవణీయత రెంటిపై ఆధారపడినది. లవణీయతను పట్టించుకొనక ఉష్ణోగ్రతను మాత్రమే సరిదిద్దితే సాంద్రత పొందిక చెడి, పైన బరువైన నీరు, కింద తేలికైన నీరు ఉన్నట్లు మోడల్‌కు తోచవచ్చు. అప్పుడది వాస్తవంలో లేని కలయికను, లేని ప్రవాహాన్ని సృష్టిస్తుంది. ఒక దోషం దిద్దబోయి మరొక దోషం తెచ్చుకొనడమన్న మాట. నేల పరీక్షలో ఒక్క పోషకపు లోపాన్ని చూసి దానినే అధికంగా వేసినపుడు మరొకటి పైరుకు అందకుండా పోవడం వ్యవసాయ విద్యార్థులు ఎరిగినదే. భాస్వరం మోతాదు మించిన నేలలో జింకు లోపం అటువంటిదే. ఉష్ణోగ్రత, లవణీయతలను రెంటినీ కొలిచే ఆర్గో రాకతోను, వాటి మధ్య సంబంధాన్ని సగటు నుండి కాక ఆనాటి మోడల్ ప్రతుల నుండే తీసుకొనే పద్ధతితోను ఈ చిక్కు చాలావరకు సడలినది. పూర్తిగా తీరలేదు. తీరానికి దగ్గరగా, నదీముఖాల వద్ద నీటి లోతు తక్కువ. అక్కడికి ఫ్లోట్లు రావు.

2021 నవంబరులో జరిగినదాన్ని ఇక్కడ గుర్తు చేసుకొనవచ్చు. ఆ నెల 19న పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటినది తుపాను కాదు, వాయుగుండం మాత్రమే. అయినా చిత్తూరు, కడప జిల్లాలలో అతి భారీ వర్షాలు కురిసి, చెయ్యేరుపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగినది. గాలి వేగాన్ని బట్టి మాత్రమే ప్రమాదాన్ని అంచనా వేయరాదు. ఎంత తేమ వస్తుందో నిర్ణయించడంలో గాలి కదలికతో పాటు వెచ్చని సముద్రానికీ పాత్ర ఉన్నది.

కొలత కూడా తప్పు చెప్పినపుడు

కొలత అనగానే సత్యమని తలవంచడానికి వీలులేదు. 2006లో ఒక పరిశోధన 2003, 2005 సంవత్సరాల మధ్య సముద్రపు ఎగువ భాగం చల్లబడినదని ప్రకటించి సంచలనం కలిగించింది. తరువాతి సంవత్సరం ఆ శాస్త్రవేత్తలే దానిని సవరించారు. కొన్ని ఫ్లోట్లు పీడనాన్ని తప్పుగా నమోదు చేయడంతో ఉష్ణోగ్రతలు తప్పు లోతులకు ముడిపడ్డాయి. ఓడల నుండి జారవిడిచే పాతరకం పరికరాలలో వేరొక దోషం ఉండి పూర్వపు సముద్రాన్ని ఉన్నదానికంటే వెచ్చగా చూపింది. రెండు దోషాలూ ఒకే దిశలో పనిచేసి లేని చల్లదనాన్ని చూపాయి. దోషం నలుదిక్కులా చెదిరి ఉన్నపుడే బరువుల లెక్క పనిచేస్తుంది. అన్ని కొలతలూ ఒకే వైపు ఒరిగితే, సవరణే మోడల్‌ను చెరుపుతుంది. అందుచేత ప్రతి కొలతను మోడల్‌లోకి పంపడానికి ముందు పొరుగు కొలతలతోను, చారిత్రక విలువలతోను సరిపోల్చి వడకడతారు.

కొలత దొరకకుండా పోవడం మరొక బాధ. సోమాలియా తీరంలో సముద్రపు దొంగల భయంతో రామా వరుసలోని పడమటి స్థానాలకు చాలాకాలం ఓడలు వెళ్ళలేకపోయాయి. పసిఫిక్‌లో ఎల్ నినోను కనిపెట్టే బాయ్‌లను చూసుకొనే ఓడను 2012లో విరమింపజేయగా, 2014 నాటికి ఆ వరుస నుండి అందవలసిన దత్తాంశంలో సుమారు 40 శాతం మాత్రమే అందినది. మన సముద్రాలలోనూ వేట పడవలను బాయ్‌లకు కట్టడం వల్ల, పరికరాలను ఊడదీయడం వల్ల కొలతలు ఆగిపోయిన సందర్భాలున్నాయి. బాయ్ నీడన చేపలు చేరుతాయి గనుక మత్స్యకారుడు అక్కడికి వెళ్ళడం సహజమే. ఆ పరికరం పంపే అంకె తన తుపాను హెచ్చరికలో భాగమని అతనికి ఎవరైనా చెప్పినారా అన్నదే ప్రశ్న. అది విస్తరణ కార్యకర్త చేయదగిన పని.

మండలం చేరేసరికి

సరిదిద్దిన సముద్ర స్థితిని ఇన్‌కాయిస్ భారత వాతావరణ శాఖ మోడళ్లకు ప్రారంభ స్థితిగా అందిస్తుంది. 2012లో ఆరంభమైన మాన్సూన్ మిషన్ ద్వారా గాలిని, సముద్రాన్ని జోడించిన మోడల్ రుతుకాలపు సూచనలోకి వచ్చింది. 2019 సంవత్సరం ఇక్కడ ఆలోచింపజేస్తుంది. ఆ ఏప్రిల్‌లో ఇచ్చిన అధికారిక అంచనా దీర్ఘకాల సగటులో 96 శాతం. జూన్‌లో 33 శాతం లోటు ఏర్పడినది. అయితే సెప్టెంబరులో సగటు కంటే సగం మేర అధికంగా కురిసి, రుతుకాలం 110 శాతంతో ముగిసినది. ఆ ఏడు హిందూ మహాసముద్ర డైపోల్ అనేక దశాబ్దాలలో ఎన్నడూ లేనంత బలపడింది. అధికారిక అంచనా నాడు ప్రధానంగా గణాంక పద్ధతిది. గతంలో వర్షానికి తోడువచ్చిన సంకేతాలను చూసి చెప్పేది. 2021 నుండి అనేక జోడు మోడళ్లను కలిపి అంచనా వేసే విధానం అమలులోకి వచ్చింది. ఈ మార్పుతో ఏప్రిల్ నాటి సముద్రాన్ని ఎంత బాగా సరిదిద్దినారన్నది మునుపటి కంటే ముఖ్యమైనది.

ఆ సూచన మండలానికి దిగేసరికి ఒక నష్టం జరుగుతున్నది. మోడల్ ప్రతులు ఇచ్చేది ఒక్క మాట కాదు, అవకాశాల పంపిణీ. ఉదాహరణకు, సాధారణం కంటే తక్కువ వర్షానికి 45 శాతం, సాధారణ వర్షానికి 35, ఎక్కువ వర్షానికి 20 శాతం అవకాశమని సూచన వచ్చిందనుకొంటే, రైతు సభలో అది తరచుగా ఈసారి వానలు తక్కువ అని మారుతుంది. తక్కువ కాకపోవడానికి 55 శాతం అవకాశమున్నదన్న సంగతి దారిలోనే జారిపోతుంది. తరువాత వాన కురిసినపుడు పోయేది శాస్త్రవేత్త మాట విలువ. శాంతిపురం రైతుకు పనికివచ్చే రూపం వేరు. పొలమంతా ఒకేసారి విత్తక కొంత భాగాన్ని వెనుక విత్తుకు ఉంచడం, ఆ భాగానికి రాగిని గాని, ఆలస్యమైతే ఉలవను గాని అనుకొనడం, కోత సమయంలో కాయను ఆరబెట్టే ఏర్పాటు ముందే చూసుకొనడం. 45, 35, 20 అనే అంకెలు ఎకరాల పంపకంగా మారినపుడే అర్థవంతం. రుతుకాలపు అంచనా తరువాత ప్రతి వారం వచ్చే విస్తృత కాల సూచన, మంగళ, శుక్రవారాల వ్యవసాయ వాతావరణ సలహాలు దానిని సవరిస్తూ పోతాయి. ముందు అనుకొన్నదాన్ని కొత్త సమాచారంతో, దాని బరువు మేరకు మార్చుకొనడం ఇక్కడ కూడా జరుగుతున్నదన్న మాట.

ఇదే గణితం పైరు మోడళ్లకు కూడా వర్తిస్తుంది. వేరుశనగ పెరుగుదలను రోజువారీగా గణించే మోడల్‌ను విత్తిన తేదీ నుండి వదలివేస్తే ఊడలు దిగే దశకు చేరేసరికి నేల తేమలోను, ఆకు విస్తీర్ణంలోను దోషం పేరుకొంటుంది. ఉపగ్రహం చూపిన పచ్చదనాన్ని, పొలంలో కొలిచిన తేమను కలిపి దానిని సరిదిద్దే పరిశోధనలు ప్రపంచమంతటా సాగుతున్నాయి. కుప్పం పరిసరాలలోని ఎర్ర నేలలలో లోతు, గరుసు ఒక గట్టు నుండి మరొక గట్టుకు మారుతాయి. ఒక ఊరిలో వాన పడినపుడు పక్క ఊరిలో దుమ్ము లేస్తుంది. ఒక్క మండల వర్షమాపకం గడి మొత్తానికి ఎంతవరకు ప్రతినిధి అన్న దోషం సముద్రంలో కంటే ఇక్కడ తక్కువేమీ కాదు. పరిశోధన విద్యార్థి పొలం నుండి తెచ్చే నేల తేమ అంకెల పక్కన ఏ లోతున, ఏ పరికరంతో, ఏ తేదీన, ఎన్నిసార్లు కొలిచినదీ, మళ్ళీ కొలిచినపుడు ఎంత తేడా వచ్చినదీ వ్రాసి ఉండవలెను. ఆ చివరి అంకె లేనిదే ఆ కొలతకు 0.8 బరువు ఇవ్వవలెనో 0.2 ఇవ్వవలెనో మోడల్ నడిపేవారికి తెలిసే మార్గం లేదు.